పచ్చిగా దాటాలి సముద్రం

కడప ఎండలో కోసిన అరటికాయ గల్ఫ్ బజారులో పసుపు తిరగాలంటే దారి పొడవునా, వారాల తరబడి అది పండకుండా ఉండాలి. ఆ వారాలను సంపాదించి పెట్టే శాస్త్రం ఏమిటి? దాని లాభం కమలాపురం రైతు గట్టు దాకా రావాలంటే ఏం చేయాలి?

మామిడికాయల్ని వరిగడ్డిలో మాగేయడం, అరటిగెలల్ని గోతిలో పేర్చి పొగబెట్టడం మన పల్లెలకు కొత్త విద్యలు కావు. ఊళ్లో జాతర ఉందంటే, ఇంట్లో పెళ్లి ఉందంటే నాలుగు రోజుల ముందే గోతిలోకి గెలలు దిగేవి. ఆ తర్వాత కార్బైడ్ వచ్చింది. దానితో పండ్లు మాగబెట్టడం చట్టరీత్యా నేరం. అయినా ఆగలేదు. 2015లో ఉమ్మడి హైకోర్టు తనంతట తానే ఈ సంగతిని విచారణకు తీసుకుని రెండు తెలుగు ప్రభుత్వాలనూ నిలదీయాల్సి వచ్చింది. పండు గురించి మన దగ్గర జరిగిన చర్చ అంతా దాన్ని తొందరపెట్టడం చుట్టూనే తిరిగింది.

కడప జిల్లా అరటి రైతుకు ఇప్పుడు కావలసింది దీనికి ఎదురు విద్య. కాయ పండకూడదు. కోసిన గంట నుంచి సముద్రం దాటే దాకా, అవతలి దేశపు వ్యాపారి తన గదిలో పెట్టుకుని మాగించుకునే దాకా అది పచ్చిగా, గట్టిగా, మచ్చ లేకుండా ఉండాలి. ఆలోపు ఒక్క రోజు ముందుగా రంగు తిరిగినా పెట్టె మొత్తం పోతుంది. పెట్టె పోతే ఆ నష్టం ఓడ యజమాని దగ్గర ఆగదు. ఎగుమతి కంపెనీ మీదుగా, ఏజెంటు మీదుగా దిగి దిగి మరుసటి కోత ధరలో రైతు దగ్గరకు వస్తుంది.

కమలాపురం కడపకు పాతిక కిలోమీటర్ల దూరంలో, పాపాఘ్ని పెన్నాలో కలిసే చోటుకు దగ్గరగా ఉంటుంది. ఊళ్లో దర్గా ఉంది, ముంబయి – చెన్నై మార్గంలో రైల్వే స్టేషన్ ఉంది. ఇది కొత్త రైలుదారి కాదు. మద్రాసు వైపు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు పట్టాలతో కలిశాయి. అప్పటి నుంచి కమలాపురం రెండు మహానగరాల రేవులకూ నేరుగా ముడిపడి ఉంది. ఊరికి ఒకవైపు పులివెందుల, వేంపల్లె, లింగాల తోటలు. మరోవైపు ఇదే రైలు మార్గంలో యర్రగుంట్ల, ముద్దనూరు దాటితే తాడిపత్రి, దాని వెనక పుట్లూరు, యల్లనూరు, నార్పల తోటలు. రాయలసీమ అరటిలో పెద్ద భాగం ఈ రెండు దిక్కుల మధ్యే ఉంది.

ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడే చోట అరటి ఏమిటని కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. అరటి నీళ్లు తాగే మొక్క. బోర్లు, డ్రిప్పు పైపులు, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, గండికోట, సర్వరాయసాగర్ లాంటి జలాశయాలు కలిసి దాన్ని ఇక్కడ నిలబెట్టాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలైన సూక్ష్మసేద్యం పథకం లేకపోతే ఈ తోటలు ఇంత దూరం పాకేవి కావు. నీళ్లు అందితే మాత్రం పొడి గాలి ఇక్కడ శాపం కాదు, వరం. ఆకు మీద తేమ నిలవదు కాబట్టి సిగటోక మచ్చ తెగులు తక్కువ. మందుల పిచికారీ తగ్గుతుంది. తొక్క నున్నగా, మచ్చ లేకుండా వస్తుంది. ఎగుమతిదారులు సీమ తోటల కోసం వెతుక్కుంటూ వచ్చింది ఈ తొక్క కోసమే.

తాడిపత్రిలో బయలుదేరిన రైలు

2020 జనవరి చివర్లో తాడిపత్రి స్టేషన్ నుంచి ఒక రైలు బయలుదేరింది. చల్లదనం నిలిపే 43 రీఫర్ కంటైనర్లు, వాటి నిండా అనంతపురం జిల్లా అరటి. ముంబయి పక్కన ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ రేవు దాకా రైల్లో, అక్కడి నుంచి ఓడలో ఇరాన్‌కు. ఒక్కో కంటైనర్‌లో ఇరవై టన్నులకు పైగా పడుతుంది. ఒక జిల్లా పండ్లను ఒకే రైలు నిండా నింపి విదేశానికి పంపడం అప్పటికి కొత్త. పత్రికలు దాన్ని పండ్ల రైలు అని రాశాయి.

సీమకు దగ్గర రేవు చెన్నై కదా, అరటి ముంబయి దాకా ఎందుకు పోవాలి? గల్ఫ్‌కూ ఇరాన్‌కూ పోయే ఓడలకు పడమటి తీరం దగ్గర. చెన్నైలో ఎక్కిస్తే సింహళం చుట్టి రావాలి. సముద్రం మీద ఎక్కువ రోజులు గడపడం కంటే పట్టాల మీద తొమ్మిది వందల కిలోమీటర్లు పోవడం కాయకు మేలు. రైలైతే గుంతల రోడ్డు కుదుపులు ఉండవు, ఘాట్లలో లారీలు ఆగిపోయే బెడద ఉండదు.

రోడ్డును నమ్ముకోవడం ఎంత కష్టమో కమలాపురానికి వేరే చెప్పక్కర్లేదు. 2021 నవంబరు వరదలకు ఊరి దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. కడప నుంచి తాడిపత్రి వైపు పోయే బండ్లన్నీ చుట్టుదారి పట్టాయి. సిమెంటు బస్తాకు నాలుగు గంటల ఆలస్యమైతే ఏమీ కాదు. కోసిన అరటిగెలకు ఆ నాలుగు గంటలు చాలా ఖరీదైనవి. ఎందుకో తెలియాలంటే కాయ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

కాయ ఊపిరి

కోసిన కాయ చచ్చిపోదు. తల్లి నుంచి విడివడినా శ్వాస తీస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ పీల్చి, లోపల దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తూ, వేడినీ బొగ్గుపులుసు వాయువునూ బయటికి వదులుతుంది. పచ్చి అరటికాయ గుజ్జు బరువులో ఐదోవంతు దాకా పిండే. కొంతకాలం ఈ శ్వాస నెమ్మదిగా, నిలకడగా సాగుతుంది. ఆ కాలాన్నే వ్యాపారం పచ్చి ఆయువుగా లెక్కగడుతుంది. తర్వాత ఒకానొక ఘడియలో కాయ ఎథిలిన్ అనే వాయువును తయారు చేయడం మొదలుపెడుతుంది. శ్వాస ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. పిండి చక్కెర అవుతుంది, తొక్కలో పచ్చదనం విరిగి పసుపు బయటపడుతుంది, గుజ్జు మెత్తబడుతుంది, వాసన వస్తుంది. ఈ మలుపు తిరిగాక వెనక్కి తిప్పే మందు ప్రపంచంలో లేదు. ఆ మలుపును ఎంత దూరం జరపగలమన్నదే ఎగుమతి శాస్త్రమంతా.

అన్ని పండ్లూ ఇలా ఉండవు. పులివెందుల, అనంతపురం చీనీ (బత్తాయి) కాయకు ఈ మలుపు లేదు. చెట్టు మీద ఎంత తీపి వచ్చిందో అంతే. కోశాక ఎండిపోతుంది, కుళ్లిపోతుంది కానీ కొత్తగా తియ్యబడదు. అరటి, మామిడి, బొప్పాయి, టమాటా వేరే జాతి. కోశాకే వాటి అసలు కథ మొదలవుతుంది.

ఎథిలిన్‌ను మనిషి గుర్తుపట్టిన తీరు తమాషాగా ఉంటుంది. యూరప్ నగరాల్లో వీధి దీపాలకు గ్యాస్ వాడే రోజుల్లో, గొట్టాలు కారిన చోట చెట్లు అకాలంగా ఆకు రాల్చేవి. ఆ గ్యాస్‌లో మొక్కల్ని మార్చేది ఎథిలినేనని 1901లో రష్యా శాస్త్రవేత్త నెల్యూబోవ్ బఠాణీ మొక్కల మీద చూపించాడు. 1910లో జమైకా నుంచి కజిన్స్ అనే అధికారి ఒక హెచ్చరిక రాశాడు: ఓడలో నారింజలనూ అరటినీ ఒకచోట పెట్టకండి, నారింజల నుంచి వచ్చే ఏదో వాయువు అరటిని ముందే పండిస్తోంది. ఆ వాయువును నిజానికి వదిలింది నారింజల మీది బూజు అయి ఉంటుందని తర్వాతి వాళ్లు తేల్చారు. పండే పండు తానే ఎథిలిన్‌ను తయారు చేస్తుందని 1934లో ఇంగ్లండులో గేన్ రసాయనికంగా నిరూపించాడు. అది మొక్క కణంలో ఏ మెట్ల మీదుగా పుడుతుందో 1979 నాటికి కాలిఫోర్నియాలో షాంగ్ ఫా యాంగ్ బృందం విప్పింది. మన గోతిలో పొగకు కాయ పండడానికి కారణమూ ఇదే. పొగలో కొద్దిగా ఎథిలిన్ ఉంటుంది. మన పెద్దలకు పేరు తెలియకపోయినా పని తెలుసు.

జమైకా హెచ్చరిక మన సీమకు అచ్చంగా వర్తిస్తుంది. అరటి, చీనీ పక్కపక్క తోటల్లో పండే నేల ఇది. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి దక్షిణాదిలోనే తొలి కిసాన్ రైలు బయలుదేరినప్పుడు టమాటా, అరటి, చీనీ, బొప్పాయి అన్నీ అదే రైలెక్కాయి. ఆ తర్వాత కిసాన్ రైళ్ల రవాణా ఛార్జీలో కేంద్రం సగం భరించింది. రెండు మూడు రోజుల్లో చేరే దేశీయ మార్కెట్‌కు అది మంచి సాయం, కాదనను. వారాల తరబడి సాగే ఎగుమతికి మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు కంటే తక్కువ ఎథిలిన్ ఉన్నా పచ్చి అరటి మేలుకుంటుంది. పండిన టమాటా బుట్ట పక్కన పచ్చి అరటి పెట్టెను పెట్టడమంటే దాని ఆయువును మన చేతులతో మనం కోసేయడమే.

నిదానం తోటలోనే మొదలు

చాలామంది ఇదంతా కోల్డ్ స్టోరేజీ పని అనుకుంటారు. తోటలో పాడైన కాయను ఏ చల్లగదీ బాగుచేయదు.

ఎగుమతికి పోయేది జి-9, అంటే గ్రాండ్ నైన్. ప్రపంచ వాణిజ్యాన్ని ఏలుతున్న కావెండిష్ కుటుంబంలోదే. అమృతపాణి రుచిలో దీన్ని మించినదే, కానీ పండగానే గెల నుంచి రాలిపోతుంది, అంత దూరం పోలేదు. జి-9ను పిలక నుంచి కాకుండా టిష్యూకల్చర్ మొక్కతో నాటితే తోటంతా దాదాపు ఒకేసారి గెల వేస్తుంది. ఈ ఒకే వయసు అన్నది ఎగుమతికి ప్రాణం. ముదురు కాయ ఒకటి పెట్టెలో పడితే అది ముందు పండి ఎథిలిన్ వదులుతుంది, పక్కవాటిని లేపుతుంది. అందుకే పద్ధతిగా సాగుచేసే తోటల్లో గెల బయటపడిన వారాన్ని బట్టి రంగురంగుల రిబ్బన్లు కడతారు. కోత నాడు రిబ్బను చూస్తే గెల వయసు తెలుస్తుంది. రెండో కాపు, మూడో కాపు తోటల్లో గెలలు ఒకే తీరున రావు. అక్కడ రిబ్బను లేకపోతే చూపు మోసం చేస్తుంది.

కాయ కోణాలు పూర్తిగా గుండ్రబడక ముందే, ముప్పావు వంతు ముదిరినప్పుడే ఎగుమతి కోత. ఎంత దూరం పోవాలో అంత లేతగా కోయాలి. దేశంలో అమ్మే గెలను ఇంకో వారం, పది రోజులు చెట్టు మీద ఉంచవచ్చు. అది నిండుతుంది, బరువు తూగుతుంది. రైతుకు డబ్బు వచ్చేది తూకం మీద. పచ్చి ఆయువు పెరగడానికి కోత ముందుకు జరిపితే తగ్గేది రైతు తూకమే. సముద్రం మీద కాయ నిలవడానికి మొదటి మూల్యం చెల్లిస్తున్నది రైతు. ఎగుమతి ధరకూ స్థానిక ధరకూ తేడా ఈ పోయిన బరువును పూడ్చేంత లేకపోతే అది రైతుకు గిట్టుబాటు వ్యాపారం కాదు. ఒప్పందం మాట్లాడుకునేటప్పుడు ధరతో పాటు కోత వయసు కూడా కాగితం మీద ఉండాలని నేను గట్టిగా అంటున్నది ఇందుకే. చాలా చోట్ల కాగితమే ఉండదు. ఏజెంటు ఫోను, రైతు నమ్మకం, లారీ వచ్చిన నాటి ధర. అంతే.

కోత కూలీల చేతిలో ఈ వ్యాపారం ఎంత ఉందో మనం గుర్తించం. గెలను నేల మీద పెట్టకూడదు, ఒకదాని మీద ఒకటి వేయకూడదు. కాయకు దెబ్బ తగిలితే గాయం మానే ప్రయత్నంలో అదీ ఎథిలిన్ వదులుతుంది. ఆ నాడు తొక్క మీద ఏమీ కనపడదు. మూడు వారాల తర్వాత పెట్టె విప్పినప్పుడు నల్లటి మరకగా కనపడుతుంది. భుజం మీద మెత్త వేసుకుని, గెలను పసిబిడ్డలా మోసుకొచ్చే పనితనానికి మామూలు కూలి కంటే ఎక్కువ ఇవ్వడం న్యాయం, లాభం కూడా.

తర్వాత హస్తాలు విడదీసి నీళ్ల తొట్లలో వేస్తారు. కోసిన చోట కారే జిగురు తొక్క మీద ఆరితే మరక పోదు, అందుకని పటిక కలిపిన నీళ్లలో కడుగుతారు. కాడ మొదలు కుళ్లకుండా శిలీంద్రనాశిని పట్టిస్తారు. ఆరబెట్టి, పాలిథిన్ సంచి పరిచిన అట్టపెట్టెలో పదమూడు కిలోల చొప్పున సర్దుతారు.

ఎండకూ చలికీ మధ్య

అన్నిటికన్నా పెద్ద మందు చల్లదనం. వేడి పది డిగ్రీలు పెరిగితే కాయ శ్వాస రెండు మూడింతలవుతుంది. మే నెలలో కడప ఎండ 42, 43 డిగ్రీలు. ఆ ఎండలో గట్టు మీద గడిచిన ప్రతి గంటా చల్లగదిలో ఎన్నో గంటల ఆయువును తినేస్తుంది. కాబట్టి కోత తెల్లవారుజామున జరగాలి, గెల నీడకు చేరాలి, అదే పూట చల్లబడాలి.

ఎంత చల్లగా? ఇక్కడ ఉష్ణమండలపు పండు ఆపిల్‌తో విడిపోతుంది. ఆపిల్‌ను సున్నా డిగ్రీల దగ్గర పెట్టి నెలలు దాచవచ్చు. అరటి మంచును చూసి పుట్టిన చెట్టు కాదు. 13 డిగ్రీల కిందకు పోతే తొక్క కింది నాళాలు గోధుమరంగు తిరుగుతాయి. తర్వాత ఎంత మాగబెట్టినా నిగనిగలాడే పసుపు రాదు, బూడిద పట్టినట్టు ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు నల్లబడేదీ అందుకే. 14 దాటి పైకి పోతే ఆయువు తరుగుతుంది. ఈ 13, 14 డిగ్రీల ఇరుకు సందులో, గాలిలో తేమ 90 శాతం పైన ఉంచి, మూడు నాలుగు వారాలు కాయను నిలపాలి. ఒక్క రాత్రి కరెంటు పోయినా, ఒక్క డ్రైవరు డీజిల్ మిగుల్చుకుందామని యంత్రం ఆపినా రాసిపెట్టిన లెక్కంతా తప్పుతుంది.

రీఫర్ కంటైనర్ గురించి ఒక అపోహ ఉంది. వేడి కాయను అందులో ఎక్కిస్తే అదే చల్లబరుస్తుందనుకుంటారు. కంటైనర్ యంత్రం చల్లగా వచ్చిన సరుకును అలాగే ఉంచడానికి సరిపోతుంది. ఇరవై టన్నుల వేడి కాయలో ఉన్న ఎండను లాగేయాలంటే దానికి రోజులు పడుతుంది. అప్పటికి లోపలి పెట్టెల్లో ఏదో ఒక కాయ మలుపు తిరిగేసి ఉంటుంది. ఎక్కించే ముందే చల్లగాలిని పెట్టెల మధ్య నుంచి బలంగా తోసి కొద్ది గంటల్లో కాయను 14 డిగ్రీలకు దింపే గది కావాలి. దాన్ని ప్రీకూలింగ్ గది అంటారు. నా దృష్టిలో సీమ అరటి భవిష్యత్తు ఏ విదేశీ రసాయనం మీదా లేదు. ఈ గది తోటకు ఎంత దగ్గరలో ఉందన్న దాని మీద ఉంది.

2024 మార్చిలో పులివెందులలో సుమారు 20 కోట్ల రూపాయల ఖర్చుతో అరటి సమీకృత ప్యాక్‌హౌస్ ప్రారంభమైంది. ఆ దిశలో అది సరైన అడుగు. అయితే అరటి ఒక్క పట్టణం చుట్టూ పండడం లేదు. కమలాపురం, వీరపునాయునిపల్లె, పెండ్లిమర్రి వైపు తోటలో కోసిన గెల ట్రాక్టర్‌లో అంత దూరం ఎండన పడి పోతే ఆ ప్రయాణంలోనే సగం పని చెడుతుంది.

గాలిని మార్చి, ముక్కు మూసి

చల్లదనం తర్వాత వచ్చేది గాలి. కాయ శ్వాసకు ఆక్సిజన్ కావాలి కాబట్టి దాన్ని తగ్గిస్తే శ్వాస తగ్గుతుంది. 1920లలో కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు ఆపిల్ మీద ఈ దారి వేశారు. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను రెండు నుంచి ఐదు శాతానికి దించి, బొగ్గుపులుసు వాయువును కూడా అదే స్థాయికి పెంచితే అరటి ఇంకా కొన్ని వారాలు ఆగుతుంది. ఆక్సిజన్ మరీ పడిపోతే కాయ లోలోపల పులిసి పాడు వాసన కొడుతుంది. పెద్ద కంపెనీల కంటైనర్లలో ఈ గాలిని యంత్రాలు దిద్దుతూ ఉంటాయి. పేదవాడి పద్ధతిలో ఆ పనిని పాలిథిన్ సంచి చేస్తుంది. మూసిన సంచిలో కాయ తన శ్వాసతోనే ఆక్సిజన్‌ను తగ్గించుకుంటుంది.

ఆ సంచిలో పేరుకునే ఎథిలిన్‌ను ఏం చేయాలి? 1970లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చవకైన జవాబు చెప్పారు: పొటాషియం పర్మాంగనేట్. మన ఊళ్లలో బావి నీళ్లు శుభ్రం చేయడానికి వేసే ఊదారంగు పలుకులే. వాటిని పట్టించిన చిన్న పొట్లం సంచిలో పెడితే ఎథిలిన్‌ను తినేస్తుంది. ఊదా రంగు గోధుమ రంగుకు మారిందంటే పొట్లం బలం అయిపోయినట్టు. చిన్న రైతుసంఘం కూడా భరించగలిగిన పద్ధతి ఇది.

అంతకంటే పదునైనది అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ కనుగొన్న 1-ఎంసీపీ అనే రసాయనం. 1996లో పేటెంట్ వచ్చింది. ఎథిలిన్ వచ్చి తగులుకునే గ్రాహకాల్లో ఇది ముందే వెళ్లి కూర్చుంటుంది, తాళంలో ఇరుక్కున్న వేరే తాళంచెవిలా. ఆ తర్వాత ఎథిలిన్ ఎంత ఉన్నా కాయకు కబురు అందదు. ఆపిల్ వ్యాపారాన్ని ఇది మార్చేసింది. అరటిలో మాత్రం చిక్కుంది. పెట్టెలో లేతవీ ముదురువీ కలిసి ఉంటే కొన్ని పండి కొన్ని పండక మచ్చలుమచ్చలుగా రంగు తిరుగుతాయి. ఎంత ఖరీదైన మందు తెచ్చినా కథ మళ్లీ తోటలోని రిబ్బను దగ్గరకే వస్తుంది.

మామిడికి మన పొరుగున జరిగిన పరిశోధన చెప్పుకోదగ్గది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం, శ్రీలంక సంస్థలు కలిసి హెక్సనాల్ అనే పదార్థం మీద పనిచేశాయి. కోసిన గడ్డి వాసనలో, చాలా మొక్కల్లో సహజంగా ఉండేదే. కాయ కణాల పొరలను కరిగించే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది, కాయ మెత్తబడడం ఆలస్యమవుతుంది. చెట్టు మీదే పిచికారీ చేస్తే మామిడి కోతను కొన్నాళ్లు వాయిదా వేయవచ్చు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లి ఎక్కువగా విమానంలోనే దూర దేశాలకు పోతుంది. విమానం ఛార్జీలో కాయ ధర మునిగిపోతుంది. ఓడలో పంపగలిగిన నాడే నంద్యాల తోటలకు విదేశీ మార్కెట్ నిజంగా తెరుచుకుంటుంది.

ఎంత పండిస్తున్నాం, ఎంత పంపుతున్నాం

ప్రపంచంలో అరటి ఎక్కువ పండించేది మన దేశమే. 2022–23లో మూడున్నర కోట్ల టన్నులు, ప్రపంచ పంటలో నాలుగో వంతుకు పైగా. రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. ప్రపంచ ఎగుమతుల్లో మాత్రం మన వాటా ఒక శాతం చుట్టూనే. మనం పండించింది మనమే తింటున్నాం, అది తప్పు కాదు. తినగలిగిన దానికంటే ఎక్కువ ఒకేసారి మార్కెట్‌కు వచ్చిన నాడే రైతు చితికిపోతున్నాడు. మన ఎగుమతి ఎక్కువగా దగ్గరి గల్ఫ్ దేశాలకే పోతోంది, పడమటి ఆసియాలో యుద్ధమో చెల్లింపుల గొడవో వస్తే మిగతా దారులు లేవు. 2023లో కేంద్ర ఎగుమతి ప్రోత్సాహక సంస్థ అపెడా మహారాష్ట్రలోని బారామతి నుంచి నెదర్లాండ్స్‌కు ఓడలో అరటిని ప్రయోగాత్మకంగా పంపించింది. కోత వయసు, చల్లదనం, గాలి, ప్రయాణం రోజులు అన్నీ రాసిపెట్టిన విధానంతో ఆ ప్రయోగం జరిగింది. బారామతి కాయ యూరప్ పోగలిగినప్పుడు, తొక్క అందంలో దానికి తీసిపోని కడప కాయ ఎందుకు పోలేదు?

2025 చివర్లో సీమ అరటికి పట్టిన గతి ఇంకా కళ్లముందే ఉంది. మంచి రోజుల్లో టన్ను ఇరవై వేలు దాటిన కాయ రెండు మూడు వేలకు, కొన్నిచోట్ల అంతకన్నా కిందకు పడింది. కోత కూలి కూడా రాదని గెలల్ని చెట్ల మీదే వదిలేసిన తోటలున్నాయి, పశువులకు వేసిన తోటలున్నాయి. ఎకరాకు లక్షకు పైగా పెట్టుబడి మింగే పంట ఇది. ఆ వారాల్లో రైతు చేతిలో లేనిది భూమి కాదు, పంట కాదు. ఆగే వీలు. పసుపు రైతు ధర వచ్చే దాకా గోదాములో పెట్టుకుంటాడు, శనగ రైతూ అంతే. అరటి రైతు ఏజెంటు చెప్పిన ధరకు ఆ పూటే తల ఊపాలి, లేకపోతే గెల చెట్టు మీదే పండిపోతుంది. మూడు వారాల పచ్చి ఆయువు చేతిలో ఉంటే ఢిల్లీ ఎంత అంటుందో, దుబాయ్ ఎంత అంటుందో కనుక్కుని బేరమాడవచ్చు. పండడాన్ని నిదానింపజేయడం ఎగుమతిదారుల అవసరమని ఇన్నాళ్లూ చూశాం. అంతకంటే ముందు అది రైతు అవసరం. ధర పడిన ఏడాదిలో చల్లగది ఒక్కటే అందరినీ కాపాడుతుందని నేను చెప్పను. సాగు విస్తీర్ణం ఒక్కసారిగా పెరిగితే ఏ గదీ చాలదు. కానీ తొందరపడి తెగనమ్ముకోవలసిన దుస్థితిని అది తప్పిస్తుంది.

ఆ గది తోటల మధ్యకు రావాలి. ఇంతకాలం అది ఎక్కడ కట్టాలో ఎగుమతి కంపెనీ లెక్కలు తేల్చాయి. కంపెనీ ఒక సీజను వస్తుంది, ఇంకో సీజను మహారాష్ట్రకు పోతుంది, రైతు మాత్రం ఇక్కడే ఉంటాడు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు దారి లేకపోలేదు. 2020లో లక్ష కోట్ల రూపాయలతో కేంద్రం ప్రకటించిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద ప్యాక్‌హౌస్‌కూ చల్లగదికీ రెండు కోట్ల దాకా రుణం మీద ఏడేళ్ల వరకు మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది, తిరుచిరాపల్లిలో జాతీయ అరటి పరిశోధన కేంద్రం ఉంది. కోత వయసు, ప్రీకూలింగ్, సంచి, పొట్లం గురించి తెలుగులో, తోట గట్టున శిక్షణ ఇప్పించడం ఉద్యానశాఖకు పెద్ద ఖర్చు కాదు.

రైల్వేకూ ఒక మాట. తాడిపత్రి నుంచి కంటైనర్లతో రైలు నడపవచ్చని 2020లోనే రుజువైంది. ఓబులవారిపల్లె – వెంకటాచలం కొత్త మార్గం 2019లో తెరిచాక కడప జిల్లాకు తూర్పు తీరం కూడా చేరువైంది. పడమటి ఓడలకు తాడిపత్రి, తూర్పు ఓడలకు కడప, మధ్యలో కరెంటు ప్లగ్గులున్న కంటైనర్ యార్డు ఒకటి ఉంటే ఈ రెండు దిక్కుల తోటలకూ చాలు. నూట యాభై ఏళ్లుగా రైలు ఆగుతున్న కమలాపురం ఆ యార్డును అడిగే హక్కున్న చోటు.

కమలాపురం, వీరపునాయునిపల్లె, పెండ్లిమర్రి రైతులారా, వచ్చే నాట్లకు ముందే పదిమంది కలిసి కూర్చోండి. ఒకే వారంలో నాటండి, రిబ్బన్లు కట్టండి, కోత వయసు రాయని ఒప్పందానికి ఒప్పుకోకండి. ప్రీకూలింగ్ గది కోసం సంఘం పేరుతో దరఖాస్తు పెట్టండి. బ్యాంకు మేనేజరు కాదంటే జిల్లా కలెక్టరు దగ్గరకు, ఉద్యానశాఖ అధికారి దగ్గరకు ఆ కాగితాలు పట్టుకుని వెళ్లండి. మీ కాయ నాణ్యత తక్కువ కాదు. దానికి కావలసింది తోట పక్కన 14 డిగ్రీల గది ఒక్కటే.